ఎండలో మా వాటా ఏది?

గోదావరిఖని చౌరస్తాలో సోలార్ మాటెత్తి చూడండి. యూనిట్ ఎంత పడుతుంది, మబ్బు పడితే ఎట్లా అనే ప్రశ్నలు తర్వాత వస్తాయి. ముందు అడిగేది ఒక్కటే: ‘మరి మా పిల్లల కొలువుల సంగతేంది?’ బొగ్గు బాయిలో ఫ్యాన్లు, పంపులు, హాలర్లు నడిపిస్తూ ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా రిటైరైన నన్నూ అదే అడుగుతారు. మా డాబా మీద 3 కిలోవాట్ల ప్లేట్లు బిగించినప్పటి నుంచి ఆ అడగడంలో ఎత్తిపొడుపు కూడా కలిసింది. ‘బొగ్గు తిని పెరిగినోనివి, ఇప్పుడు ఎండకు జై కొడ్తున్నవా అన్నా?’ అని ఒక పాత దోస్తు టీ కొట్టు దగ్గర నలుగురి ముందే అనేశాడు.

ప్రశ్న న్యాయమైనదే. నేరం ఎవరి మీద మోపుతున్నామన్న దగ్గరే నాకు పేచీ.

1990 ప్రాంతంలో సింగరేణి మస్టర్లలో లక్షకు పైగా పేర్లుండేవి. ఏడాదంతా తవ్వినా అప్పట్లో రెండు కోట్ల టన్నులు వచ్చేది కాదు. 2023-24లో కంపెనీ 7 కోట్ల టన్నులు తీసింది. పర్మినెంట్ కార్మికులు 40 వేల చిల్లర. బొగ్గు మూడింతలు దాటింది, మనుషులు సగానికి ఎంతో కిందికి పోయారు. ఇందులో సోలార్ పాత్ర సున్నా.

మా బాపు కోల్ ఫిల్లర్. తట్ట, చెమ్మస్ పట్టుకుని టబ్బులు నింపిన తరం ఆయనది. ఆ తట్టను బొగ్గు ఎత్తిపోసే ఎస్‌డీఎల్ యంత్రం తప్పించింది. ఆ వెనకే లాంగ్‌వాల్, కంటిన్యూయస్ మైనర్ యంత్రాలు వచ్చాయి. అన్నిటికంటే గట్టి దెబ్బ ఓపెన్‌కాస్ట్ (ఓసీ) గనులది. షిఫ్టుకు వందల మంది దిగే చోట షావెళ్లు, డంపర్లు తిరగడం మొదలైంది. పైన మట్టి తీసే పని కాంట్రాక్టుకు పోయింది. ఇప్పుడు సింగరేణి బొగ్గులో నూటికి తొంభై పాళ్ల దాకా ఓసీలదే. నేను పనిచేసిన ఇంక్లైన్ కూడా లేదు, దాని మీదుగానే ఓసీ నడుస్తోంది. ఇన్ని కొలువులు పోయినా బొగ్గును ఎవరూ తిట్టలేదు. తిట్టాలని తోచను కూడా తోచలేదు. సోలార్ పేరు వినపడగానే మాత్రం గుండెలు బాదుకుంటున్నాం.

అట్లాగని భయపడొద్దని చెప్పను. భయపడాల్సింది ఇంకో దానికి. ఇన్నాళ్లూ పోయినవి కొలువులే, బొగ్గు అమ్మకం పోలేదు. అమ్మకం మీద వచ్చే డబ్బు ఊళ్లో తిరుగుతూనే ఉంది. 2024 దసరా ముందు, విస్తరణకు పక్కన పెట్టగా మిగిలిన కంపెనీ లాభాల్లో 33 శాతం కింద 796 కోట్లు కార్మికులకు పంచారు. సగటున మనిషికి లక్షా 90 వేలు. కాంట్రాక్టు కార్మికులకు మొట్టమొదటిసారి ఇచ్చారు, తలా 5 వేలు. ఆ తేడా గురించి చెప్పుకోవడానికి చాలా ఉంది, ఇప్పుడు కాదు. లాభాల వాటా పంచే వారం గోదావరిఖని లక్ష్మీనగర్‌లో బంగారం దుకాణాల్లో కాలు పెట్టే సందు ఉండదు. బట్టల షాపులు, బైకుల షోరూములు, చిట్టీలు, పిల్లల కాలేజీ ఫీజులు, అన్నీ ఆ బొగ్గు టన్ను మీదే నిలబడ్డాయి. ఏదో ఒకనాడు ఆ టన్నే అక్కర్లేదంటే కార్మికుడి కంటే ముందు కూలేది బజారు.

ఇది ఊహించుకుని చెప్పే మాట కాదు. మా కళ్ల ముందే జరిగింది. సింగరేణి మొదలైందే యెల్లందులో. భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ అక్కడ బొగ్గు ఉందని చెప్పింది 1870లలో. 1889లో తవ్వకం మొదలైంది. ఆ ఊరిని ఇప్పటికీ పాతవాళ్లు బొగ్గుట్ట అనే పిలుస్తారు. దేశానికి ఇన్ని రైళ్ల బొగ్గు పంపిన ఊరు జిల్లా కేంద్రం కాలేదు, పెద్ద పట్నమూ కాలేదు. బెల్లంపల్లి సంగతి చూస్తే ఇంకా బాధ. ఒకప్పుడు బాయి మీద బాయి ఉన్న పట్నం. ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇప్పటికీ బెల్లంపల్లి ఏరియా అనే పేరు ఉంది గానీ, జీఎం ఆఫీసు మాత్రం గోలేటిలో ఉంటుంది. బాయి మూసేటప్పుడు ‘మిమ్మల్ని ఫలానా ఏరియాకు ట్రాన్స్‌ఫర్ చేస్తాం’ అన్నారు, చేశారు. కార్మికుడికి జీతం ఆగలేదు, నిజమే. కానీ కార్మికుడు పోయిన ఊళ్లో కిరాణా కొట్టు వాడికి ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ ఎవరిస్తారు?

మా పక్కనే ఇంకో పాఠం ఉంది. రామగుండం ఎఫ్‌సీఐ. బొగ్గుతో ఎరువు చేసే ఫ్యాక్టరీ, 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది. నష్టాలు పెరిగి 1999లో మూతపడింది. ఫర్టిలైజర్ సిటీ క్వార్టర్ల గోడల మీద రావిచెట్లు మొలవడం చూశాం. మళ్లీ ఎరువు బయటికొచ్చింది 2021లో, ఆర్‌ఎఫ్‌సీఎల్ అనే కొత్త పేరుతో. ఈసారి బొగ్గుతో కాదు, పైపులైన్‌లో వచ్చే గ్యాస్‌తో. ఇరవై రెండేళ్లు. అప్పుడు ముప్పై ఏళ్ల వయసులో కొలువు పోగొట్టుకున్నవాడు ఫ్యాక్టరీ మళ్లీ తెరిచే నాటికి యాభై దాటాడు. ఇంధనం మారినందుకు కాదు ఇంత నష్టం. మూయడానికీ తెరవడానికీ మధ్య ఎవరూ ఏ ఏర్పాటూ చేయకపోవడం వల్ల.

బొగ్గు రేపే ఆగదు. ఆగుతుందనే వాళ్లు ఒకసారి రామగుండం వచ్చి ఎన్టీపీసీకి వెళ్లే బొగ్గు రైళ్లు చూడాలి. 2024-25లో దేశం మొత్తం మీద బొగ్గు ఉత్పత్తి వంద కోట్ల టన్నులు దాటింది. అదే 2025 జూన్ నాటికి మన కరెంటు స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గూ గ్యాసూ కాని వాటిదే అయిందని కూడా ప్రకటించారు. రెండూ నిజమే. స్థాపిత సామర్థ్యం అంటే ప్లేటు మీద రాసిన సంఖ్య. 100 మెగావాట్ల సోలార్ ఏడాది సగటున ఇచ్చేది, 25 మెగావాట్ల యంత్రం రాత్రింబవళ్లు ఆగకుండా తిరిగితే వచ్చేదానికి అటూఇటుగా ఉంటుంది. అందుకే సామర్థ్యంలో సగం బొగ్గూ గ్యాసూ కాని వాటిదైనా, తీగల్లో నిజంగా పారే కరెంటులో నాలుగింట మూడు వంతుల దగ్గర ఇంకా బొగ్గుదే. ఈ తేడా చెప్పకుండా ‘సగం పచ్చ కరెంటే’ అని చప్పట్లు కొట్టించే నాయకుడి మాటా, ‘సోలార్‌తో ఏమీ కాదు’ అనే కాంట్రాక్టర్ మాటా నాకు ఒకేలా వినిపిస్తాయి.

బొగ్గు నుంచి సోలార్‌కు ఉన్న దూరం ఎంతో కొలవడానికి మా దగ్గరే ఒక కొలబద్ద ఉంది. ఎన్టీపీసీ రామగుండం జలాశయం మీద 100 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు 2022 జులై నుంచి పూర్తిగా నడుస్తోంది. 500 ఎకరాల నీళ్ల మీద నాలుగున్నర లక్షల ప్లేట్లు. ఇన్వర్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు కూడా తెప్పల మీదే ఉంటాయి. చెరువు అడుగున వేసిన కాంక్రీటు దిమ్మెలకు తాళ్లతో కట్టేశారు. కింద నీళ్ల వల్ల ప్లేట్లు కాస్త చల్లగా ఉంటాయి, పైన ప్లేట్ల వల్ల నీళ్లు ఆవిరి కావడం తగ్గుతుంది. దీనివల్ల ఏటా 1,65,000 టన్నుల బొగ్గు మిగులుతుందని ఎన్టీపీసీ అంచనా. సింగరేణి ఏడాది ఉత్పత్తి 7 కోట్ల టన్నులను దాంతో భాగించండి. అలాంటి చెరువులు 424 కావాలి. నేల మీదో నీళ్ల మీదో రెండు లక్షల ఎకరాలకు పైగా. సింగరేణి బొగ్గంతా కరెంటుకే పోదు, సిమెంటుకూ ఇతర పరిశ్రమలకూ కొంత పోతుంది కాబట్టి ఇది మోటు లెక్కే. కానీ చౌరస్తాలో వాదనకు ఈ లెక్క చాలు. రేపే అయ్యేది కాదు. అసాధ్యమూ కాదు. చేస్తే ఇరవై, ముప్పై ఏళ్లు పట్టే పని. అంటే ఇప్పుడు పదో తరగతి చదివే పిల్లవాడి ఉద్యోగ జీవితమంతా ఈ మార్పులోనే గడుస్తుంది. వాడికి ఏం చెబుతున్నాం?

మబ్బుల సంగతి కూడా అనేస్తాను. వాన పడితే సోలార్ ఆగుతుందని మా వాళ్లే ఎక్కువగా వెక్కిరిస్తారు. వాన పడితే ఓసీ ఆగదా? జులై, ఆగస్టుల్లో బెంచీల మీద నీళ్లు నిలిచి, దారులు బురదై డంపర్లు ఎక్కలేక షిఫ్టులకు షిఫ్టులు ఉత్పత్తి పడిపోవడం ఏటా పేపర్లో చదువుతూనే ఉన్నాం. 2021 అక్టోబర్‌లో థర్మల్ ప్లాంట్ల దగ్గర బొగ్గు నిల్వలు అడుగంటి దేశమంతా గగ్గోలు పుట్టడానికి గనుల్లో పడ్డ వానలూ ఒక కారణం. ఏ ఇంధనం బలహీనత దానికి ఉంది. అసలు చిక్కు సాయంత్రం ఏడు గంటలది. ఎండ పోయిన వెంటనే ఇంటింటా లైట్లు, ఏసీలు, టీవీలు మొదలవుతాయి. మా ఇంట్లో కూడా పగలు మీటరు వెనక్కి తిరుగుతుంది, రాత్రి నేను ఎన్టీపీసీ కరెంటే కాల్చుకుంటాను. దానికి దాచుకునే ఏర్పాటు కావాలి. బ్యాటరీలు ఒక దారి. నీళ్లను పైకెక్కించి దించడం ఇంకో దారి. అది మనకు కొత్తేమీ కాదు. నాగార్జునసాగర్‌లో, శ్రీశైలం ఎడమ గట్టు కేంద్రంలో వెనక్కి తిరిగి నీళ్లు ఎత్తిపోసే యంత్రాలు ఎప్పటినుంచో ఉన్నాయి. పైగా తెలంగాణలో వ్యవసాయ మోటార్ల భారం పెద్దది. 2025 మార్చిలో రాష్ట్ర గరిష్ఠ డిమాండ్ 17 వేల మెగావాట్లు దాటడానికి యాసంగి పొలాలూ ఒక పెద్ద కారణమే కదా. రైతుకు రాత్రి పూట పొలానికి పోయి పాము కాటుకు భయపడే పని తప్పించి, పగలే ఎండ కరెంటుతో మోటారు నడిపిస్తే సగం చిక్కు వీడుతుంది.

ధర గురించి వాదన అక్కర్లేదు. 2017లో రాజస్థాన్‌లోని భడ్లాలో యూనిట్ 2 రూపాయల 44 పైసలకు టెండర్ వచ్చింది. 2020 చివర్లో గుజరాత్‌లో రూపాయి 99 పైసలు. కొత్తగా కట్టే ఏ బొగ్గు ప్లాంటూ ఆ దరిదాపులకు రాదు. మా దగ్గర బొగ్గు తవ్వి, రైలెక్కించి నల్లగొండ జిల్లా దామరచర్ల దాకా మోసి, అక్కడ యాదాద్రి థర్మల్ కేంద్రంలో మండించి, అందులో మూడో వంతుకు పైగా బూడిదగా మిగిలితే దాన్ని ఎక్కడ పోయాలా అని వెతుక్కునే లెక్కలో చవక ఎక్కడిది? బూడిద సంగతి తెలియాలంటే బూడిద చెరువు పక్కనుండే కుందనపల్లి వాళ్లను అడగాలి. ఎండాకాలం గాలి లేస్తే ఆ చెరువు బూడిద అన్నంలో పడుతుంది. వాతావరణ మార్పు గురించి వేరే ఉపన్యాసం ఇవ్వను. మే నెలలో ఓసీలో రెండో షిఫ్ట్ చేసినవాడికి దాని మీద క్లాసు చెప్పే ధైర్యం నాకు లేదు.

సరే, సోలార్ మంచిదే. మంచిదైనంత మాత్రాన మాకు మంచి చేస్తుందా? ఇది తెలుసుకోవాలంటే పావగడ చూడాలి. మా చిన్నోడు డిప్లొమా చేసి అక్కడ టెక్నీషియన్‌గా చేస్తున్నాడు. అనంతపురం జిల్లాను ఆనుకుని కర్ణాటకలో ఉంటుంది పావగడ. పేరుకు కర్ణాటక, ఊళ్లల్లో మాట చాలావరకు తెలుగే. తిరుమణి చుట్టూ ఐదు ఊళ్లలో 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు. వరస కరువులతో వేరుశనగ కూడా పండని నేల. అక్కడ ప్రభుత్వం భూమి కొనలేదు, కౌలుకు తీసుకుంది. ఎకరాకు ఏటా 21 వేలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. పట్టా రైతు పేరు మీదే ఉంటుంది. ఈ పద్ధతి నాకు నచ్చింది. నేను వెళ్లినప్పుడు ఒక పెద్దాయన ‘వాన రాకున్నా పైసలొస్తాయి బావా’ అని నవ్వాడు. చుట్టరికం లేకపోయినా వరస కలిపేశాడు.

ఆ నవ్వు అందరి ముఖాల్లో లేదు. పదెకరాలున్న వాడికి ఏటా రెండు లక్షలకు పైగా వస్తుంది. అసలు భూమే లేనివాళ్ల సంగతి? ఆ పొలాల్లో కలుపు తీసి, కాయ కోసి, గొర్లు మేపి బతికిన కుటుంబాలకు కౌలు రాదు. కంచె లోపలికి గొర్రెను రానివ్వరు. వాళ్లకు దొరికే పని ప్లేట్ల కింద గడ్డి కోయడం, ప్లేట్లు కడగడం, కాపలా. అదీ కాంట్రాక్టర్ కింద. మెషీన్ల దగ్గర పనిచేసే వాళ్లలో చాలామంది మా చిన్నోడిలాగే బయటి నుంచి వచ్చిన వాళ్లే. 13 వేల ఎకరాల పరిశ్రమ ఊరి పక్కనే ఉండి కూడా ఊరి పిల్లవాడికి చీపురే దక్కింది. కట్టేటప్పుడు వేల మందికి పని, కట్టడం అయ్యాక గేటు దగ్గర వాచ్‌మన్. సోలార్ స్వభావమే అంత. బాయితో పోలిస్తే దానికి మనుషులు అక్కర్లేదు. ఇది దాచిపెట్టి ‘హరిత ఉద్యోగాలు’ అని ఊదరగొట్టడం మోసం.

కొలువులు తక్కువే ఉంటాయని ఒప్పుకున్నాక మిగిలేది సొత్తు గొడవ. ప్లాంటు ఎవరిది, లాభం ఎవరికి, ఏ నేల మీద? నా వాదన అంతా ఇక్కడే ఉంది. బొగ్గు ఊళ్లలో వచ్చే సోలార్‌లో జీతం కంటే ముందు వాటా అడగాలి. సింగరేణి 2025 నాటికి 245 మెగావాట్ల దాకా సోలార్ పెట్టింది, రామగుండం-3 ఏరియాలో మట్టి డంపు మీద కూడా పెట్టింది. మంచి పని. అన్ని డంపులూ పనికిరావు. కొత్తగా పోసిన మట్టి కుంగుతుంది, వానకు జారుతుంది. ఏళ్ల తరబడి సర్దుకున్న పాత డంపులు, మూసేసిన గనుల పైభూములు, ఖాళీ అయిన క్వార్టర్ల స్థలాలు లెక్క తీస్తే చాలానే ఉంటాయి. వాటి మీద వచ్చే కరెంటులో కొంత శాతం ఆ పట్టణం పేరు మీదే రాసి, ఆ డబ్బు లాభాల వాటా పంచినట్టే ఏటా ఇంత అని బోర్డు మీద రాసి పంచితే తప్పేముంది? పర్మినెంట్, కాంట్రాక్టు తేడా లేకుండా, కిరాణా కొట్టు వాడినీ, భూమి పోయిన రైతునూ కలుపుకుని. ప్లాంటు మొత్తంలో ఒక పాలు కాలనీ సంఘాలకో, మహిళా సంఘాలకో ఇచ్చినా సరే. రాష్ట్రంలో మహిళా సంఘాలతో వెయ్యి మెగావాట్ల సోలార్ పెట్టిస్తామని ప్రభుత్వమే చెబుతోంది కదా, మొదటి విడత బొగ్గు పట్టణాలకు ఎందుకు ఇవ్వకూడదు?

బదులుగా ఏం జరుగుతోంది? 2025 మార్చిలో సింగరేణి రాజస్థాన్ ప్రభుత్వ సంస్థతో ఒప్పందం చేసుకుంది. అక్కడ 1,600 మెగావాట్ల థర్మల్, 1,500 మెగావాట్ల సోలార్. బొగ్గు కోసం ఒడిశాలోని నైనీ గనికి వెళ్లింది. కంపెనీగా చూస్తే తెలివైన పనే కావచ్చు. రాజస్థాన్‌లో ఎండ ఎక్కువ, బంజరు ఎక్కువ, యూనిట్ చవక. కానీ ఆ పెట్టుబడి ఎక్కడి నుంచి వచ్చింది? శ్రీరాంపూర్, మందమర్రి, భూపాలపల్లి, మణుగూరు బొగ్గు నుంచి. మా బూడిద మాకే ఉంచి ఎండను రాజస్థాన్‌లో కొంటే కంపెనీ బతుకుతుంది, ఊళ్లు బతకవు. 51 శాతం రాష్ట్రానిదీ, 49 శాతం కేంద్రానిదీ అయిన కంపెనీలో ఈ ఊళ్ల వాటా ఎంతో ఎక్కడా రాసి లేదు.

నేను అడిగే ఇంకో సంగతి తారీఖు. ప్రతి గని గేటు మీద భద్రతా సూక్తి రాస్తారు, నెల టార్గెట్ రాస్తారు. ఈ గని ఏ ఏడాది మూతపడుతుందో కూడా రాయాలి. ప్రాజెక్టు రిపోర్టులో గని ఆయుష్షు ఎలాగూ ఉంటుంది, రహస్యమేమీ కాదు. జర్మనీలో రాతిబొగ్గు గనులన్నీ 2018కల్లా మూసేయాలని 2007లోనే తేల్చి చెప్పారు. చివరి గని, బోట్రాప్‌లోనిది, చెప్పినట్టే 2018 డిసెంబర్‌లో మూతపడింది. ఆ పదకొండేళ్లలో పెద్దవాళ్లను ముందే పెన్షన్‌తో పంపారు, కుర్రవాళ్లకు ఇంకో పని నేర్పారు. వాళ్ల దగ్గర డబ్బుంది, మన దగ్గర లేదంటారు. తారీఖు రాయడానికి ఎంత ఖర్చవుతుంది? మన దేశంలో కూడా గని మూసివేతకు 2009లో మార్గదర్శకాలు వచ్చాయి. ఓసీకి హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి లక్ష చొప్పున అప్పటి ధరల్లో లెక్కగట్టి ఎస్క్రో ఖాతాలో వేయమన్నారు. ఆ తర్వాత రేట్లు సవరించారు. ఆ పద్దుల్లో పెద్ద పాలు మట్టి పూడ్చడానికీ, కంచెకీ, మొక్కలకీ. గుంతకు హెక్టారు లెక్కన ధర కట్టినవాళ్లు, ఆ గుంత చుట్టూ బతికిన బజారుకు కూడా ధర కట్టాలి.

ఇక పని నేర్పే సంగతి, నాకు బాగా తెలిసింది ఇదే. బాయి ఎలక్ట్రీషియన్‌ను సోలార్‌కు మార్చడం కష్టం కాదు. 3.3 కేవీ లైన్లతో, మంట బయటికి రాని ఎఫ్‌ఎల్‌పీ స్విచ్‌లతో, నీళ్లు కారే గ్యాలరీల్లో కేబుల్ జాయింట్లు వేసినవాడికి డాబా మీద పని ఆటలా ఉంటుంది. కానీ ఆ ధీమాతోనే ప్రాణాల మీదికి తెచ్చుకునే ప్రమాదమూ ఉంది. బాయిలో స్విచ్ తీసి తాళం వేస్తే లైను చచ్చినట్టే. సోలార్ ప్లేటు అట్లా కాదు. ఎండ తగిలినంతసేపు దాని కొసల్లో వోల్టేజీ ఉంటూనే ఉంటుంది, ఆపే స్విచ్ లేదు. అది డీసీ, కనెక్టర్ లాగితే లేచే మెరుపు ఏసీలోలా తనంతట తను ఆరదు. ఇవన్నీ కొన్ని వారాల్లో నేర్పొచ్చు. వెంటిలేషన్ ఫ్యాన్ ఆగితే ఏమవుతుందో తెలిసిన క్రమశిక్షణ మాత్రం వారాల్లో రాదు, అది మా వాళ్ల దగ్గర ఇప్పటికే ఉంది. మా డాబా మీద ప్లేట్లను చూడటానికి వచ్చిన కుర్రవాళ్లకు ముందు ఇదే చెబుతుంటాను. ఆ తర్వాతే సబ్సిడీ సంగతి: పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78 వేలు వస్తుంది, మిగతాది మనం పెట్టుకోవాలి. ఇక్కడ ఇంకో ఖర్చు కూడా ఉంది. ఓసీ దుమ్ముకు రెండు రోజులు తుడవకపోతే ప్లేట్లు మసకేసి కరెంటు తగ్గుతుంది. తుడిచిన బట్ట పిండితే నల్లగా దిగుతుంది. ‘ఇంటి మీదికి కూడా బాయినే తెచ్చినవు’ అంటుంది మా ఇంటావిడ.

ఇప్పుడు మా దగ్గరి మేడిపల్లి ఓసీ సంగతి. బొగ్గు అయిపోయి వదిలేసిన ఆ పెద్ద గుంతలో నీళ్లు నింపి, పగలు సోలార్‌తో పైకెక్కించి రాత్రి దించి కరెంటు తీసే పంప్డ్ స్టోరేజీ ప్లాంటు పెట్టాలని సింగరేణి ఆలోచిస్తోంది. ఇది నిజంగా జరిగితే రామగుండానికి ఇంతకంటే తగిన పని లేదు. సాయంత్రం ఏడు గంటల చిక్కుకు జవాబు మా గుంతలోనే దొరుకుతుంది. గనిలో నీళ్లంటే మా వాళ్లకు యముడు. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. ఆ రోజు నుంచి పంపు ఆపరేటర్ల మీద, మా ఎలక్ట్రికల్ వాళ్ల మీద ఊరు పెట్టుకున్న నమ్మకం వేరు. అదే నీటిని, అవే పంపులను ఇంకో పనికి వాడుతున్నప్పుడు ఆ కొలువులు మొదట ఎవరికి రావాలో వేరే చెప్పాలా?

అయితే అలాంటి ప్లాంటు కట్టడానికి ఏళ్లు పడుతుంది. ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్)లో టర్బైన్ల లెక్క, కాంక్రీటు లెక్క ఎలాగూ రాస్తారు. మనుషుల లెక్క కూడా అందులోనే రాయాలి. ఎంతమంది ఆపరేటర్లు, ఎంతమంది ఫిట్టర్లు, ఎంతమంది ఎలక్ట్రీషియన్లు, ఏ చదువుతో, అందులో స్థానికులు ఎందరు అని. రాసి ఊరుకోకుండా గోదావరిఖని, మంచిర్యాల, కొత్తగూడెం ఐటీఐల్లో ఆ ట్రేడ్ సీట్లు వచ్చే అడ్మిషన్లకే తెరవాలి. కంపెనీ శిక్షణ కేంద్రాల్లో ఇప్పుడున్న ఎలక్ట్రీషియన్లకు కోర్సు మొదలుపెట్టాలి. ప్లాంటు అయ్యాక మనుషులను వెతికితే వచ్చేది బయటి కాంట్రాక్టర్, మనకు మిగిలేది ప్లేట్లు కడిగే పని. ఆ కడిగే పని కూడా గౌరవమైనదే, ఎండలో చేసే కష్టమైన పని. దానికి టెండర్ పిలిచేటప్పుడే, కాంట్రాక్టు కార్మికుల కోసం హైపవర్ కమిటీ ఖరారు చేసిన వేతనాలు రాసి పెట్టండి. వాళ్ల జెండాల మీద ఆ డిమాండ్ పాతబడిపోయింది. సోలార్‌లోనైనా మొదటి రోజు నుంచి అమలు చేస్తే యూనియన్లు రోడ్డెక్కే పని తప్పుతుంది.